గోదారి గట్టు మీద గది తీసుకునే ముందు

చిరంజీవి అమ్మలుకి పెదనాన్న ఆశీస్సులు.

నిన్న నువ్వు సగం చెప్పేలోపే మీ బుడ్డోడు ఫోన్ లాక్కున్నాడు. అందుకే కూర్చుని రాస్తున్నాను. శ్రావణంలో మీ అత్తగారినీ మావగారినీ తీసుకుని రాజమండ్రి వస్తున్నామన్నావు. మండపేటలో మన ఇంట్లో దిగమంటే, తెల్లారగట్ల గోదారి స్నానం చెయ్యాలి, గట్టు మీదే ఉండాలి అన్నారట ఆవిడ. సరే, నేనేం అనుకోను. ముప్పై అయిదేళ్లు మందుల కంపెనీ బ్యాగు మోస్తూ రాజమండ్రి, కాకినాడ, అమలాపురం, భీమవరం హోటళ్లలో పడుకున్నవాణ్ణి. ఇంటికొస్తే మీ పెద్దమ్మ నన్ను చుట్టంలా చూసేది. కాబట్టి గదుల సంగతి నేను చెప్తే వినొచ్చు.

ముందు ఒక్క మాట. మావగారికి నది వైపు గది తీసుకోకు.

అదేంటి, గోదారి చూడ్డానికే కదా వస్తున్నది అంటావు. గోదారి ఊరికి పడమర. నది కనిపించే గదంటే పడమటెండ తగిలే గదన్నమాట. మధ్యాహ్నం రెండు దాటాక ఆ అద్దాలు కాగుతూనే ఉంటాయి, ఏసీ మొర్రోమంటూ తిరుగుతూనే ఉంటుంది. శ్రావణంలో మబ్బు పడితే సరే, పడకపోతే ఉక్కపోత నీకు తెలిసిందే. పైగా వంతెనలు దగ్గరైతే రాత్రంతా బళ్లు. 1974లో వచ్చిన రోడ్డు కం రైలు వంతెన మీదా, 1997 నాటి ఆర్చి వంతెన మీదా గూడ్సులు పోతూనే ఉంటాయి. మనకది జోలపాట. డెబ్బై అయిదేళ్ల మనిషికి, అందులోనూ నిద్ర పట్టనాయనకి కాదు. అందుకని మీకో గది నది వైపు, వాళ్లకో గది ఊరి వైపు తీసుకో. సాయంత్రం అయిదున్నరకి ఇద్దరినీ మీ బాల్కనీలో కుర్చీలేసి కూర్చోబెట్టు. పొద్దు కొవ్వూరు వైపు దిగేదాకా చూస్తారు, తర్వాత పోయి చల్లగా పడుకుంటారు. బాల్కనీ తలుపు మాత్రం దీపాలు పెట్టే వేళకి మూసెయ్యి, దోమలు నీకంటే ముందే చెకిన్ అయిపోతాయి.

ఆ మధ్య ఒక హోటల్లో 'గోదావరి వ్యూ' అని మూడొందలు ఎక్కువ తీసుకున్నారు నా దగ్గర. గదిలోకెళ్లి కర్టెన్ జరిపితే ఎదురుగా కల్యాణ మండపం నీళ్ల ట్యాంకు. దానికీ పక్క మేడకీ మధ్య జానెడు సందులో ఏదో మెరిసింది. రూమ్ బాయ్‌ని అడిగితే "అదేనండి గోదారి" అన్నాడు. వాడి తప్పేముంది, నిజమే చెప్పాడు. అప్పటికే నేను డబ్బు కట్టేశాను, అదీ నా తప్పు. ఆనాటి నుంచీ గది చూడకుండా ఆధార్ చేతికివ్వలేదు. నువ్వూ అంతే చెయ్యి. సామాను రిసెప్షన్‌లోనే అల్లుడుగారి దగ్గర ఉంచి నువ్వు పైకెళ్లు.

పైకెళ్లాక ఏం చూడాలంటే, పరుపు. దుప్పటి మూల పైకెత్తి, పరుపు కుట్టు దగ్గర ఫోన్ లైటు వెయ్యి. ఆవగింజల్లా నల్లటి చుక్కలు వరసగా కనిపిస్తే అవి నల్లుల గుర్తులు, ఇంకేం మాట్లాడకుండా వేరే గది అడుగు. తర్వాత తలుపు మూసి ఒక్క నిమిషం నిలబడి వాసన పీల్చు. నది పక్క గదులకి వానాకాలం చెమ్మ పడుతుంది. అగరొత్తి గానీ స్ప్రే గానీ ఘాటుగా కొట్టారంటే కింద చెమ్మ వాసనుందనే లెక్క. ఆఖరి అంతస్తు వద్దు, స్లాబు వేడి తెల్లారేదాకా దిగదు. ఒకటో రెండో అంతస్తు అడుగు. కరెంటు పోయి జనరేటర్ అందుకునేలోపు లిఫ్టులో ఇరుక్కుంటే మావగారు కంగారు పడతారు.

అన్నిటికంటే బాత్రూమ్ ముఖ్యం. మధ్యరకం హోటళ్లలో బాత్రూమ్ గుమ్మం దగ్గర నాలుగైదు అంగుళాల గట్టు ఉంటుంది, లోపల టైల్సు నున్నగా ఉంటాయి. మీ అత్తగారి మోకాలికి ఆ గట్టే గండం. రూమ్ బాయ్‌ని పిలిచి ఒక ప్లాస్టిక్ కుర్చీ, ఒక పాత టవలు అడుగు. కుర్చీ షవరు కింద, టవలు గుమ్మం ముందు. అడిగితే తెస్తారు, అడక్కపోతే ఎవరికీ తట్టదు. వేణ్ణీళ్లు గీజరువా, సోలారా అన్నది కూడా కనుక్కో. సోలారైతే మబ్బు రోజు నీళ్లు గోరువెచ్చగా కూడా రావు.

బుక్ చేసే ముందు హోటలుకే ఫోన్ చేసి మూడు సంగతులు అడుగు. ఒకటి, ఆ రోజు హాల్లో పెళ్లేమైనా ఉందా అని. మధ్యరకం హోటలుకి గదులకంటే ఫంక్షన్ హాలు మీదే రాబడి ఎక్కువని నా అనుమానం. ఆషాఢం అంతా ఖాళీగా ఉండి శ్రావణం రాగానే ముహూర్తాలు ఊడిపడతాయి. పంచాంగం చూసి, ముహూర్తం లేని రోజు పెట్టుకో. లేదంటే రాత్రి పన్నెండింటికి డీజే, తెల్లారి నాలుగింటికి సన్నాయి. రెండు, చెకిన్ ఎప్పుడని. మీరు గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో తెల్లారగట్ల దిగుతారు. వాళ్లది మధ్యాహ్నం పన్నెండు లెక్కయితే ఆరు గంటలు లాంజిలో పడిగాపులు, లేదా సగం రోజు అద్దె. ఇరవై నాలుగు గంటల చెకౌట్ ఉన్నచోటైతే ఈ గొడవే లేదు. మూడు, అన్నీ కలిపి ఎంత అని. రోజుకి 7,500లోపు గదికి 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ అయిదు శాతమే, అంతకుముందు పన్నెండు. ఎవరైనా పాత లెక్క చెప్తే మెల్లగా గుర్తు చెయ్యి. రెస్టారెంటు బిల్లులో సర్వీస్ ఛార్జి కలిపితే తీసేయమను. అది మన ఇష్టం మీద ఇచ్చేది తప్ప వాళ్లంతట వాళ్లు వెయ్యకూడదని ఢిల్లీ హైకోర్టు కూడా 2025లో చెప్పింది. ఆ డబ్బు రూమ్ బాయ్ చేతిలో పెట్టు. అది కూడా వచ్చిన రోజే పెట్టు, వెళ్లేరోజు కాదు.

ఆధార్ జిరాక్సు ఇచ్చే బదులు, ఆఖరి నాలుగంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ డౌన్‌లోడ్ చేసుకుని అది ఇవ్వు.

టిఫిన్ గది అద్దెలోనే ఉందని మురిసిపోకు. ఆ ఇడ్లీ ఆరింటికి వండి, తొమ్మిదింటిదాకా ఆవిరిలో మగ్గుతుంది. పెద్దవాళ్లకి అక్కడ పెట్టించు, మీరిద్దరూ బయటికెళ్లి పెసరట్టు ఉప్మా తినండి. సాయంత్రం మెయిన్ రోడ్డు వైపు పోయి రోజ్ మిల్క్ తాగండి, బుడ్డోడికి చల్లదనం తగ్గించి పట్టు. ఇక పులస చేప సంగతి. పుస్తెలమ్మైనా తినాలన్నారు గానీ, హోటలు మెనూ చూసి తినమని ఎవరూ అనలేదు. సముద్రం నుంచి గోదారి ఎర్రనీటికి ఎదురీది వచ్చిందే పులస. ఎక్కడో సముద్రంలో పట్టి ఐసులో వచ్చింది ఇలస. ప్లేటులోకి వచ్చాక రెండింటికీ ధర ఒకటే వేస్తారు. ఆ ముచ్చట నాకొదిలెయ్యి, చేప దొరికితే మీ పెద్దమ్మ ముందురోజు రాత్రే దాకలో వండి ఉంచుతుంది.

ఇక నీళ్ల మాట. శ్రావణంలో గోదారి ఎర్రగా, నిండుగా ఉంటుంది. బయలుదేరే ముందురోజు ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం ఎంతో వార్తల్లో చూడు. 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటిది దాటిందంటే రేవులో స్నానం ఆశ వదులుకోండి, పోలీసులు దిగనివ్వరు. ఒక చెంబెడు తెప్పించి తల మీద చల్లుకుంటే చాలని అత్తగారికి నా మాటగా చెప్పు, నా మాట ఆవిడ వింటారు. పుష్కర ఘాట్‌లో సాయంత్రం హారతికి అరగంట ముందే వెళ్తే మెట్ల మీద జాగా దొరుకుతుంది. రిసెప్షన్‌లో ఎవరైనా పాపికొండల బోటు టికెట్టు ఇప్పిస్తామంటే ఆ నెలలో వద్దను. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర బోటు మునిగింది వరద నీళ్లలోనే. దానికి కార్తీకం తర్వాత మళ్లీ రండి.

రిసెప్షన్‌లో నా పేరు వాడకు. నన్నెరిగినవాళ్లంతా రిటైరైపోయారు, ఇప్పుడున్న కుర్రాడు స్పెల్లింగు అడుగుతాడు. రైలు కొవ్వూరు దాటగానే మావగారిని లేపు, వంతెన మీద గోదారి చూస్తారు. ఏసీ బోగీ అద్దం తెరుచుకోదు కాబట్టి ఆయన నాణెం వేస్తానంటే తలుపు దగ్గరికి పోనివ్వకు, రేవులో వేయించొచ్చు. గదిలో దిగాక ఒక ఫోన్ కొట్టు. తాపేశ్వరం నుంచి మడత కాజాలు పట్టుకుని పది గంటలకల్లా నేనే వస్తాను.

ఇట్లు
పెదనాన్న