నీళ్ళు నిలిచే పొలం చెక్కలో పశువుల మేతకి పారా గడ్డి వేయొచ్చా? అదీ నేపియరూ ఒకటేనా?

ఒకటి కాదండీ. కోనసీమలో మీ 30 సెంట్ల పల్లపు చెక్కలో సూపర్ నేపియర్ రెండుసార్లు కుళ్ళిపోయిందన్నారు కదా, అక్కడ పారా వేయండి. హైబ్రిడ్ నేపియర్ సజ్జనీ నేపియర్‌నీ కలిపి పుట్టించింది. పారా వేరే ఇంటిది. పాత పుస్తకాల్లో బ్రాకియేరియా మ్యూటికా అని ఉంటుంది, ఇప్పుడు యూరోక్లోవా మ్యూటికా అంటున్నారు. 1775లో అచ్చయిన పుస్తకంలో ఫోర్స్కోల్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు దీన్ని మొదట పానికం అనే ప్రజాతి కింద వేశాడు. పేరు ఇన్నిసార్లు మారినా గడ్డి అదే, కొత్త పేరు చెప్పి కొత్త రకమని అమ్మితే కొనకండి. పుట్టిల్లు ఆఫ్రికా, పేరు బ్రెజిల్లోని పారా నుంచి వచ్చింది. హైదరాబాదులో మూసీ పక్కన మురుగునీటితో పెంచేదీ ఇదే. అలాంటి నీళ్ళతో మాత్రం పెంచకండి, అందులోని సీసం, కాడ్మియం లాంటివి గడ్డిలోకి ఎక్కుతాయి.

నేపియర్ ఎందుకు పోయిందో తెలియాలంటే వారం పదిరోజులు నీళ్ళు నిలిచిన దుబ్బు ఒకటి పీకి చూడండి. వేర్లు నల్లబడి ఉంటాయి, వేళ్ళతో లాగితే పైతొక్క జారి వస్తుంది, మురుగు వాసన కొడుతుంది. పక్కనే పారా తీగ లేపండి. కాడ లోపల గుల్ల, కణుపు మీద తెల్లటి నూగు, బురదకి తగిలిన ప్రతి కణుపు దగ్గరా కొత్త తెల్ల వేర్ల కుచ్చు. నీరు పెరిగితే తీగ తేలుతూ పైకి సాగుతుంది.

పారాకి గింజ సరిగా కట్టదు, కాబట్టి విత్తనం పొట్లాలు కొనకండి. రెండున్నర, మూడు నెలలు ముదిరిన కాడల్ని మూడేసి కణుపుల ముక్కలుగా కోసి, దమ్ము చేసిన చెక్కలో రెండు కణుపులు బురదలోకి దిగేలా ఏటవాలుగా గుచ్చాలి. లేత కొసలు కుళ్ళిపోతాయి. వరసకీ మొక్కకీ 50 సెంటీమీటర్లు వదిలితే ఎకరానికి 16 వేల ముక్కలు, మీకు 5 వేలు చాలు. తొలకరిలో వేసి, మొదటి రెండు వారాలు ముక్క తల మునగకుండా నీళ్ళు తీసేయండి. మొదటి కోత 75-80 రోజులకి, తర్వాత 40-45 రోజులకోటి. కోతకోతకీ ఎకరానికి 35-40 కిలోల యూరియా. యూరియా వేశాక మూడు వారాల దాకా కోయకండి, లేకపోతే గడ్డిలో చేరిన నైట్రేటు పశువుకి విషమవుతుంది.

ఎకరానికి ఏడాదికి 32-40 టన్నుల పచ్చిమేత లెక్కేసుకోండి. మీ 30 సెంట్లకి సగటున రోజుకి 26-33 కిలోలు, అంటే ఒక్క గేదెకి. నేపియర్ కణుపులు అమ్మేవాళ్ళు చెప్పే టన్నులు ఇక్కడ రావు. అసలు ఆ టన్నులు మెరక నేలలో, బోరు కింద, బస్తాలకి బస్తాలు ఎరువు పోస్తేనే వస్తాయి, ఆ సంగతి ఎవరూ చెప్పరు.

ఉప్పు చౌడునీ పారా కొంత తట్టుకుంటుంది. కొబ్బరి తోట నీడలో మాత్రం గినీ గడ్డి మేలు. వేసవిలో కాలువలు కట్టేస్తే ఎండుతుంది, బోరుంటే తడి ఇవ్వండి.

ఇక అసలు సంగతి కొడవలి. నీటి మట్టానికి జానెడు పైన కోయాలి. అడుగంటా కోస్తే గుల్ల కాడలోకి నీరు దిగి మోడు చస్తుంది. ఇంకో కారణం దీనికంటే పెద్దది. నీళ్ళల్లో మునిగిన కాడని ఎండకి పెట్టి చూస్తే సూదిమొనంత తెల్ల చుక్కలు కనిపించవచ్చు. నత్తల్లోంచి వచ్చిన కార్జపు జలగల (పశువు కాలేయంలో చేరే పురుగుల) పిల్లలు గుల్ల కట్టుకుని కూర్చున్నవి అవే. ఆ కాడ తిన్న గేదె నెలల తర్వాత పారుతుంది, చిక్కిపోతుంది, పాలు తగ్గుతాయి, దవడ కింద నీరు దిగుతుంది. అప్పుడు దాణా మార్చి లాభం లేదు, పేడ పరీక్ష చేయించాలి. మన దగ్గర చాలామంది గడ్డి మంచిది కాదని దాన్ని తిడతారు, తప్పు కోసిన చోటుది.

పొద్దున్నే కోసి సాయంత్రం దాకా వాడబెట్టి, మూడు నాలుగు సెంటీమీటర్ల ముక్కలు చేసి వేయండి. ఉత్త పారాయే వేస్తే పేడ పలచబడుతుంది. నాలుగైదు కిలోల వరిగడ్డి కలపండి, దొరికితే పిల్లిపెసరో జనుమో వేయండి. పారాలో కాల్షియాన్ని పట్టేసే ఆక్సలేట్లు ఉంటాయి కాబట్టి రోజూ 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం తప్పనిసరి. వరిగడ్డి మాట ఎత్తితే బాధేస్తుంది, కోత మిషను వచ్చాక చేలో నలిగి పడి ఉన్నదాన్ని అంటించేసి, గేదెలకి కొనుక్కొస్తున్నాం. చెరువుల గట్ల మీద కలుపు మందు కొట్టిన గడ్డిని మాత్రం కోయకండి.

వరి గట్టు వైపు పాకే తీగల్ని రెండు వారాలకోసారి తెంచేయాలి. మేత తొట్టిలో మిగిలిన కాడల్ని బోదెలోకో డ్రైన్‌లోకో వేయకండి, కణుపున్న ముక్క ఒక్కటి చాలు కింద ఎక్కడో నాటుకోవడానికి. డ్రైను పూడితే అందరూ గుర్రపుడెక్కనే అంటారు, దాని కింద పారా తీగలు ఎన్నున్నాయో లాగి చూడరు. మిగిలినవి ఎండబెట్టి ఎరువు గుంతలో వేయండి.