ట్రేడింగ్ కంప్యూటర్ కొనే ముందు రౌటర్ ఏ ప్లగ్గులో ఉందో చూడండి

లక్షన్నర బడ్జెట్, నాలుగు మానిటర్లు, పెద్ద గ్రాఫిక్స్ కార్డు. ఇంటి నుంచి నిఫ్టీ ఆప్షన్లు (షేర్ల సూచీ మీద కొని అమ్మే కాంట్రాక్టులు) చేయడానికి ఇవి సరిపోతాయా అని ఒకరు అడిగారు. సరిపోవడమేమిటి, సగం డబ్బు దండగ. ఆరేళ్లుగా గుంటూరులో ఇంట్లోనే ట్రేడింగ్ చేస్తున్నాను. నా మొదటి కంప్యూటర్‌నూ ఇంత ఆర్భాటంగానే కట్టించాను. ఆ గ్రాఫిక్స్ కార్డు మా అబ్బాయి ఆటలకు పనికొచ్చింది తప్ప చార్టులకు చేసిందేమీ లేదు.

బ్రౌజర్‌లో పది పన్నెండు ట్యాబులు, ఆప్షన్ చైన్ (ఆప్షన్ల ధరల పట్టిక), పక్కన ఎక్సెల్ తెరిస్తే నిండిపోయేది ర్యామ్. 16 జీబీ కనీసం ఉండాలి, 32 ఉంటే నిశ్చింత. ప్రాసెసర్ మధ్యరకం ఐ5 గానీ రైజెన్ 5 గానీ చాలు, ఎస్‌ఎస్‌డీ (పాత హార్డ్ డిస్కు కంటే వేగమైన డిస్కు) తప్పనిసరి. మిల్లీసెకన్ల పోటీ ఎక్స్ఛేంజీలోనే సర్వర్లు పెట్టుకున్న సంస్థలది. మన ఆర్డరు బ్రోకరు దగ్గర ఆగి వెళ్లేదే కాబట్టి ఐ9 కొన్నా ఆ వరుసలో ముందుకు జరగం.

గ్రాఫిక్స్ కార్డు వద్దనుకుంటే ప్రాసెసర్ పేరులో ఒక్క అక్షరం దగ్గర జాగ్రత్త. ఐ5-12400లో గ్రాఫిక్స్ లోపలే ఉంటుంది, 12400ఎఫ్‌లో ఉండదు. రైజెన్ 5 5600జీలో ఉంటుంది, ఒట్టి 5600లో ఉండదు. కాస్త చవకని ఎఫ్ తెచ్చుకుంటే ఇంటికొచ్చాక తెర నల్లగానే ఉంటుంది. మానిటర్లు రెండు చాలు, మదర్‌బోర్డుకు అన్ని పోర్టులున్నాయో లేదో మాత్రం చూడండి. నాలుగు పెట్టి నేను చేసిందల్లా నాలుగు చోట్ల కంగారు పడటమే.

అసలు దెబ్బ ఎక్కడ తగిలిందో చెబుతాను. మే నెల, ఎక్స్‌పైరీ రోజు (ఆప్షన్ల గడువు ముగిసే రోజు), మధ్యాహ్నం మూడు కావస్తోంది. కరెంటు పోయింది, నాకు తెలియలేదు. ఫ్యాను, కంప్యూటర్ ఇన్వర్టర్ లైన్‌లో ఉన్నాయి. రౌటర్ మాత్రం హాల్లో టీవీ వెనుక మామూలు ప్లగ్గులో ఉంది. తెర మీద అంకెలు కదలడం లేదు. మార్కెట్ భలే నిలకడగా ఉందే అనుకుంటూ మజ్జిగ తాగుతున్నాను! పక్క గదిలోంచి మా ఆవిడ "వైఫై రావడం లేదు" అనేసరికి గ్లాసు అక్కడే పెట్టి ఫోను అందుకున్నాను. స్టాప్‌లాస్ (నష్టం ఒక హద్దుకు చేరగానే బయటపడేందుకు పెట్టే ఆర్డరు) మనసులో ఉంది గానీ సిస్టంలో పెట్టలేదు. తేలిన నష్టం పదకొండు వేలు.

ఆ తర్వాత కొన్నవేవీ ఖరీదైనవి కావు. రౌటర్‌కు విడిగా చిన్న 12 వోల్టుల యూపీఎస్ పెట్టాను (మీ రౌటర్ అడాప్టర్ మీద ఎన్ని వోల్టులని ఉందో చూసి కొనండి). వీధిలో ఇంటర్నెట్ వారి పెట్టెకు కరెంటు లేకపోతే ఇంట్లో రౌటర్ వెలిగినా లాభం లేదు కాబట్టి, వేరే కంపెనీ సిమ్ ఉన్న ఫోను హాట్‌స్పాట్‌కు సిద్ధంగా ఉంచుతాను. అదే ఫోనులో బ్రోకరు యాప్‌లో 9 గంటలకే లాగిన్ అవుతాను. డీలింగ్ డెస్క్ (ఫోనులో ఆర్డర్లు తీసుకునే బ్రోకరు విభాగం) నంబరు కాగితం మీద రాసి మానిటర్‌కు అంటించాను. కరెంటు పోయిన క్షణంలో కంప్యూటర్ రీస్టార్ట్ అవుతుంటే ఇన్వర్టర్ వెనుక యూపీఎస్ మోడ్ స్విచ్ ఉందేమో చూడండి, చాలా వాటికి ఉంటుంది. స్టాప్‌లాస్ ఇప్పుడు ఆర్డరుతో పాటే వెళుతుంది.

ఈ ఆదివారం మెయిన్ స్విచ్ ఒక పది నిమిషాలు ఆపేయండి. ఏవి వెలుగుతున్నాయో, ఏవి ఆరిపోయాయో రాసుకుని, ఆ కాగితం పట్టుకుని షాపుకు వెళ్లండి.