చిట్టీ, ఆ కత్తెర పక్కన పెట్టు

గుత్తి,
కార్తీక మాసం.

చి.సౌ. చిట్టికి అవ్వ ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ అందరమూ క్షేమం. మోకాళ్లు మాత్రం నా మాట వినడం మానేసినాయి, అది కొత్త సంగతేమీ కాదు.

నిన్న సాయంత్రం మీ అమ్మ ఫోన్ చేసింది. మాటల్లో మాటగా, "నీ మనవరాలు ఉగాదికి తెచ్చిన ఆ ఊటీ పూల చెట్లు రెండూ ఎండాకాలం దాటినాయమ్మా. డిసెంబరులో మల్లెచెట్టును కొట్టినట్లు కొట్టేసి, ఇంకో పది బెంగుళూరు నుంచి తెప్పించి మిద్దె మీద వరసగా పెడుతుందంట" అనింది. ముందు సంతోషమేసింది. అనంతపురంలో, నలభై డిగ్రీలు దాటే మే నెలలో ఈ ఊటీ పూల హైడ్రాంజియాను బతికించినావంటే నీది మా అమ్మ చెయ్యి. మీ అమ్మ చేతిలో తులసి కూడా నిలవదు, నీకు తెలియనిది కాదు. కానీ "మల్లెచెట్టును కొట్టినట్లు" అన్న మాట చెవిన పడింది చూడు, ఇంక రాత్రంతా నిద్ర లేదు. ఫోన్లో చెప్తే "సరేలే అవ్వా" అని పెట్టేస్తావు. కాగితమైతే మధ్యలో అడ్డం రాలేవు. అందుకే రాస్తున్నాను.

కత్తెర పట్టుకోవద్దు. ఇప్పుడు వద్దు, డిసెంబరులో వద్దు, సంక్రాంతికి అసలే వద్దు. మిగతా ఉత్తరం చదివినా చదవకపోయినా ఈ ముక్క ఒక్కటి గుర్తుపెట్టుకో.

ఎందుకో చెప్తాను. 1975లో మీ తాతకు రైల్వేలో కూనూరు బదిలీ అయింది. అప్పట్లో గుంతకల్లు డివిజను దక్షిణ రైల్వేలో, మద్రాసు కింద ఉండేది. సికింద్రాబాదు కిందికి పోయింది 1977లో. అందుకని గుత్తి మనిషిని నీలగిరి కొండ మీదికి పంపినా అదేమని అడిగే దిక్కు లేదు. మేట్టుపాళయంలో చిన్న రైలెక్కినాము. పట్టాల నడుమ పళ్లకడ్డీని పట్టుకుని ఇంజను ఒక్కో అడుగు పైకి పాకుతుంటే, మీ తాత ఆ పళ్లచక్రం గురించి నాకు పాఠం చెప్తున్నాడు. నేను కిటికీలోకి మొహం తిప్పుకుని ఏడుస్తున్నాను.

ఆ ఏడుపు ఆపింది ఈ పూలే. క్వార్టర్సు వెనక కంచె పొడుగునా ఐదు గుబుర్లు. మేము పోయింది జూన్‌లో. నీలం గుత్తులు, ఒక్కొక్కటి చంటిపిల్ల తలకాయంత. నీలం పూలంటే మనకు శంఖుపూలు తప్ప ఇంకేం తెలుసు? మా అమ్మకు కార్డు మీద కార్డు రాసినాను. "వచ్చే ఎండాకాలం రా, చూపిస్తాను. నువ్వు నమ్మవు" అని.

డిసెంబరు వచ్చింది. ఆకులు పసుపుబారి చానా మటుకు రాలిపోయి పుల్లలు మిగిలినాయి. నా చేతులు ఊరుకోలేదు. మనింట్లో మల్లెచెట్టుకు ఏం చేస్తాము? కార్తీకం పోతూనే నీళ్లు ఆపుతాము. ఆకు దూసి, మూరెడు ఎత్తు ఉంచి పైదంతా కొట్టేస్తాము. మొదట్లో తవ్వి దిబ్బ ఎరువేసి అప్పుడు నీళ్లు పెడతాము. చెట్టు రోషంగా చిగురేస్తుంది, ఆ చిగురు కొసకే మొగ్గ. ఎంత కొడితే అంత పూత. మా అమ్మ నేర్పిన విద్య అది, నాకు వచ్చిన విద్య అదొక్కటే. కొడవలి తీసుకుని ఐదు గుబుర్లనూ మోకాలెత్తుకు తెచ్చినాను. కంచె అవతలికి వంగిన ఒక్క కొమ్మకు మాత్రం కొడవలి అందలేదు. చేసిన పని చూసుకుని ఎంత మురిసినానో!

పక్కింట్లో ఒక పాటి, అంటే తమిళ అవ్వ, ఉండేది. ఆమెకు తెలుగు రాదు, నాకు తమిళం రాదు. వచ్చి చూసి బుగ్గన చెయ్యి పెట్టుకుంది. ఏమీ అనలేదు. కింద పడిన కొమ్మ ఒకటి ఏరుకుని, కొసన లావుగా ఉన్న మొగ్గను బొటనవేలి గోరుతో నిలువునా చీల్చి నా కంటి ముందు పెట్టింది. ముడుచుకున్న చిన్న ఆకులు పొర మీద పొర. వాటి నడుమ ఆవగింజంత పచ్చటి ముద్ద. కాలీఫ్లవరును ఆవగింజంత చేస్తే ఎట్లుంటుందో అట్ల, గరుకు గరుకుగా. "పూ" అనింది. పూవుకు వాళ్ల మాటా మన మాటా ఒకటే కదా, ఇంకొకరు విడమర్చి చెప్పే పని లేకపోయింది. నేను తలొంచుకుని నేల చూసినాను. కట్టెలమోపు మాదిరి పడున్నాయి కొమ్మలు, ప్రతి కొసకూ అట్లాంటి మొగ్గే.

అదీ సంగతి. మల్లె కొత్త కొమ్మకు పూస్తుంది, ఇది పాత కొమ్మకు పూస్తుంది. వచ్చే ఎండాకాలం పూలను కొండ మీదైతే దసరా, దీపావళి నాటికే కొసల్లో కట్టి దాచుకుని, చలికాలమంతా చచ్చిన పుల్ల మాదిరి నటిస్తుంది. ఇదే కుటుంబంలో కోను ఆకారంలో తెల్లగా పూసే రకం ఒకటుంది. అది కొత్త కొమ్మకు పూస్తుంది, దాన్ని చలికాలం చివర కొట్టొచ్చు. నీది అది కాదు, ఫోటో చూసినాను.

మే నెలలో మా అమ్మ వచ్చింది. సీమ దాటి ఎరగని మనిషి, చెనక్కాయల సంచి ఒకటి, ఊరగాయ జాడీ ఒకటి మోసుకుని వచ్చింది. కాళ్లు కూడా కడుక్కోకుండా పెరట్లోకి పోయింది. ఆకులు మాత్రం అరచేతికన్నా పెద్దవి, నిగనిగలాడుతున్నాయి. పూవు లేదు. నేను ఎటో చూస్తున్నాను. ఆమె ఒక్కో గుబురూ చేత్తో పక్కకు తోసుకుంటూ పోయి, చివర కంచె అవతల ఆ తప్పించుకున్న కొమ్మను పట్టుకుంది. దానికొక్కటే గుత్తి. వంగి వాసన చూసింది. "వాసనే లేదు కదే! దీనికా నన్ను ఇన్ని రైళ్లెక్కించినావు?" అని పగలబడి నవ్వింది. కోసి ఇస్తానంటే వద్దనింది. ఉన్న వారం దినాలూ పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని పోయి దాని ముందర నిలబడేది.

"వచ్చే ఏడు ఐదు గుబుర్లూ పూస్తాయి, చూడు" అన్నాను పోయేటప్పుడు. ఆ సంక్రాంతికి ముందే ఆమె పోయింది. మే నెలలో ఐదూ విరగబూసినాయి. నేను పెరటి తలుపు తీసేదాన్ని కాదు. నీళ్లు మీ తాతే పోసేవాడు.

సరే. ఇంక పని మాట.

కత్తిరించే కాలం పూలు వాడిన వెంటనే. శ్రావణం దాటనీయొద్దు. దాటిందా, ఆ ఏటికి వదిలేయ్. ఎండిన గుత్తిని కింద లావాటి జంట మొగ్గల దాకా తీసేయ్, అంతకు కిందికి దిగొద్దు. ఎండిన పుల్ల అనిపిస్తే గోరుతో గీకు, లోపల పచ్చగా ఉంటే దాని జోలికి పోవద్దు. బాగా ముదిరిన చెట్టుకైతే మూడు కొమ్మల్లో ఒక పాత కొమ్మను మొదలంటా తీయొచ్చు. నీవి చిన్నపిల్లలు, ఇంకో రెండేండ్లు ఆ మాటే వద్దు.

ఇంకొక నిజం చెప్తాను, బాధపడొద్దు. ఉగాదికి నువ్వు తెచ్చినప్పుడు ఉన్న పూలు నర్సరీ వాళ్ల పూలు. వాళ్లు చల్లదనంలో మొగ్గ కట్టించి అమ్మినారు. ఇప్పుడు వచ్చేవే నీ పూలు. మొగ్గ బాగా కట్టాలంటే దీనికి కొన్ని వారాల పాటు పద్దెనిమిది డిగ్రీల లోపు చల్లదనం కావాలి. అనంతపురంలో డిసెంబరు, జనవరి రాత్రులు తప్ప అది యాడ దొరుకుతుంది? కాబట్టి "పాపం, చలి" అని కుండీలు ఇంట్లోకి తేవద్దు. ఆరుబయటే వణకనీ. నాలుగు గుత్తులు వస్తే నాకు ఫోన్ చెయ్, ఒకటి వచ్చినా చెయ్.

మిద్దె మీద వరస అన్నావంట. ఆ సిమెంటు నేల మీద ఏప్రిల్‌లో నువ్వు చెప్పులు లేకుండా నిలబడి చూడు. తూర్పు వాకిట్లో, పొద్దుటి ఎండ పది గంటల దాకా తగిలి తర్వాత నీడ వచ్చేచోట పెట్టు. వేసవిలో పైన పచ్చ నెట్టు కట్టు. యూరియా వేయొద్దు, ఆకులు బలుస్తాయి, పూలుండవు.

నీళ్ల సంగతి నాకు నిజంగా భయం. మా నాయన చెనక్కాయ చేలో మూడు బోర్లు వేయించినాడు. మూడింట్లోనూ తెల్లటి దుమ్ము లేచింది. ఆ దుమ్ము మీద పడిన మొహంతో ఆయన గట్టున కూర్చోవడం ఇప్పటికీ కండ్లలో ఉంది. చెట్టుకు నీళ్లు చాలక నువ్వు ట్యాంకరు తెప్పించినావని తెలిస్తే నేనే వచ్చి కుండీలు పగలగొడతాను. దీనికి ఆకు పెద్దది, మిట్టమధ్యాహ్నం వేరు తడిగా ఉన్నా తల వాల్చేస్తుంది. దాని నాటకానికి కరిగిపోయి చెంబు ఎత్తొద్దు. వేలు మట్టిలో రెండు కణుపుల దాకా దించు. తడి తగిలితే ఊరుకో, సాయంత్రానికి అదే లేస్తుంది. ఊరికే పోస్తే వేరు కుళ్లి చస్తుంది. పొడిగా ఉంటేనే పొయ్యి, అదీ పొద్దున్నే, మొదట్లో. పైన కొబ్బరి పీచు పరిస్తే తడి నిలుస్తుంది.

మన బోరు నీళ్లు సౌడు నీళ్లు. కుండీ అంచుకు తెల్లటి పొర కడుతుందే, అది దీనికి పడదు. ఆకు పసుపుబారి ఈనెలు మాత్రం పచ్చగా ఉన్నాయంటే అదే జబ్బు. వానాకాలంలో మిద్దె నీళ్లు డ్రమ్ముకు పట్టుకో. ఏసీ నుంచి కారే నీళ్లు కూడా పనికొస్తాయి. ఆర్వో మిషను బయటికి వదిలే నీళ్లు మాత్రం చుక్క కూడా పోయొద్దు, ఉప్పంతా వాటిలోనే ఉంటుంది.

ఉగాదికి నీలంగా ఉన్నది ఈసారి గులాబీ రంగులో వస్తే నర్సరీవాడు మోసం చేసినాడని పోట్లాటకు పోవద్దు. మట్టిలో పులుపుంటే చెట్టు అల్యూమినియం తాగి నీలం పూస్తుంది. మన సౌడులో తాగలేక గులాబీకి తిరుగుతుంది. నీలమే కావాలంటే నాలుగు లీటర్ల వాన నీళ్లలో ఒక పెద్ద చెంచా పటికపొడి కరిగించి, మొగ్గలు కనపడకముందు నుంచే నెలకోసారి పొయ్యి. అంతకు మించొద్దు, వేర్లు మాడతాయి. తెల్ల రకానికి ఎన్ని పోసినా మారదు. నాకైతే గులాబీయే బాగుంటుంది. కానీ మా అమ్మ చూసింది నీలం.

మరిచిపోతానేమో, దీని ఆకు విషం. మన బుడ్డోడు చేతికందింది నోట్లో పెట్టుకుంటున్నాడంట. కుండీలు అరుగు మీదికి ఎక్కించు. వీధిలో తిరిగే మేకలు గేటు దూరకుండా చూసుకో, లేకపోతే మేక గల్లామెతో పంచాయితీ నువ్వే తీర్చాల.

ఆ పది కుండీల ఆర్డరు మాత్రం ఆపు. నీ జీతం నీ ఇష్టమే, కాదనను. కానీ ఈ రెండూ ఒకసారి మన నీళ్లతో, మన చలితో పూయనీ. తర్వాత వానల్లో పూవు లేని కొసలు జానెడు కన్నా తక్కువ తుంచి, పెద్ద ఆకులు సగానికి కత్తిరించి, ఇసుకా కొబ్బరిపొట్టూ కలిపి నీడన గుచ్చితే నెల లోపల వేరు పోసుకుంటాయి. పది ఏం ఖర్మ, ఇరవై చేసుకోవచ్చు. అందులో ఒకటి నాకు.

సంక్రాంతికి మీ మామతో వస్తాను. నేను వచ్చేదాకా ఆ కత్తెర బీరువాలో పెట్టి తాళం మీ ఆయనకియ్యి. వచ్చినాక ఒక్క మొగ్గ, ఒకే ఒక్కటి, గోరుతో చీల్చి నీకు చూపిస్తాను. అదొక్కటి పోతే పోయింది.

ఇట్లు,
అవ్వ