అరచేతిలో రఫాయెల్

ప్రశ్న: ఫ్లోరెన్స్‌లో పాత సామాన్ల సంతలో అరచేతిలో ఇమిడే గుండ్రటి బొమ్మ కొన్నాను. కుర్చీలో మేరీమాత, ఒళ్లో బాల ఏసు, పక్కన దణ్ణం పెడుతున్న ఇంకో పిల్లవాడు. చేత్తో వేసిందేనని అమ్మినతను ఒట్టేశాడు. నిజమేనా? బాగా మురికి పట్టింది, తడిగుడ్డతో తుడవొచ్చా? ప్రస్తుతం ఇటలీలో మా అబ్బాయి ఇంట్లో ఉంది, వచ్చేటప్పుడు తెమ్మంటాను.
- ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: ముందు ఆ తడిగుడ్డ మాట మానేయండమ్మా. ఇలాంటి చిన్న బొమ్మల్ని చాలావరకు పల్చటి ఏనుగు దంతం రేకు మీద నీటిరంగులతో వేసేవారు. ఒక్కసారి తడి తగిలితే మేరీమాత బుగ్గ మీ గుడ్డకి అంటుకొస్తుంది. పింగాణీ మీద వేసి కాల్చినదైతే భయం లేదు కానీ, ఏదో తేలేదాకా పొడి కుంచెతో ఫ్రేమ్ మాత్రమే దులపమనండి.

మీరు చెప్పిన గుర్తుల్ని బట్టి దీని అసలు బొమ్మ ఇటలీ చిత్రకారుడు రఫాయెల్ 1513-14 ప్రాంతంలో వేసిన 'మడోన్నా డెల్లా సెడియా'. అంటే కుర్చీ మాత. చెక్క మీద తైలవర్ణం, అడ్డంగా 71 సెంటీమీటర్లు. ఫ్లోరెన్స్‌లోని పిట్టీ ప్యాలెస్‌లో ఉంది. 1799లో ఫ్రెంచివాళ్లు పారిస్ పట్టుకుపోతే 1815లో తిరిగొచ్చింది. ఫొటోలు లేని రోజుల్లో ఊరు చూడవచ్చినవాళ్లు గుర్తుగా దీని నకళ్లే కొనుక్కెళ్లేవారు. కాబట్టి నకలు అన్నంత మాత్రాన చిన్నబుచ్చుకోకండి, అదొక పనితనం. అచ్చుబొమ్మయితేనే దిగులు.

నేనూ ఒకసారి అచ్చుబొమ్మని చేత్తో వేసిందనుకుని కొని బోల్తాపడ్డాను. అద్దాల బీరువాలోంచి తీసి మఖమల్ గుడ్డ మీద పెట్టి చూపిస్తే బేరం కూడా ఆడలేదు. ఇంటికొచ్చి భూతద్దం పెడితే బుగ్గంతా ముగ్గుచుక్కల్లా వరసలు తీరిన రంగు చుక్కలు, అచ్చుకి గుర్తు అదే! పైన వార్నిష్‌ని కుంచె గీతల్లా పులిమారు. ఆ గీతలు ముక్కు మీదుగా, కళ్ల మీదుగా ఒకే తీరున అడ్డంగా పోయాయి. చేత్తో వేసినవాడి కుంచె చెంప వంపుతో పాటు వంగుతుంది, పైట చారలతో పాటు తిరుగుతుంది. సన్న కుంచెతో పెట్టిన చుక్కలున్నా అవి వరస తీరవు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. పదిరెట్ల భూతద్దం చాలు, రెండో పిల్లవాడు బాప్తిస్మమిచ్చే యోహాను, అతని చేతిలో రెల్లు శిలువ ఉంటుంది, అక్కడ చూడమనండి.

దంతమని తేలితే మాత్రం తెమ్మనకండి. దంతం సరిహద్దు దాటించడం మీద ఇక్కడా అక్కడా గట్టి చట్టాలున్నాయి, కస్టమ్స్ దగ్గర మీవాడికి లేనిపోని టెన్షన్. అక్కడే, ఎండ పడని గోడకి ఉండనివ్వండి.