పిల్లల క్యాంపుకు స్థలం బుక్ చేసే ముందు ఒకసారి వెళ్లి చూసి రండి

హైదరాబాద్ చుట్టుపక్కల ముప్పై మంది పిల్లలతో ఒక రాత్రి క్యాంపు పెట్టాలంటే స్థలాన్ని ఎన్ని రోజుల ముందు బుక్ చేసుకోవాలని అడిగారు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అయితే మూడు నెలలు, మిగతా కాలంలో నెలన్నర ముందు చేసుకుంటే సరిపోతుంది. అయితే పదహారేళ్లుగా మా కాలనీ గ్రంథాలయం తరఫున పిల్లలను క్యాంపులకు తీసుకెళ్తున్నవాడిగా నేను గట్టిగా చెప్పవలసింది వేరే ఉంది. అడ్వాన్సు కట్టకముందే మీలో ఎవరైనా ఆ స్థలానికి వెళ్లాలి. పిల్లలు అక్కడ గడపబోయే వేళలోనే, అంటే సాయంత్రం వెళ్లి బాగా చీకటి పడేదాకా ఉండి చూసి రావాలి. ఫోన్లో ఖాయం చేసుకున్న స్థలాన్ని నేను బుక్ అయినట్టు లెక్కలోకి తీసుకోను.

ఈ సంగతి నాకు 2019 జనవరిలో తెలిసివచ్చింది. ఆ ఏడాది గణతంత్ర దినోత్సవం శనివారం వచ్చింది కాబట్టి, బడిలో జెండా వందనం కాగానే బయల్దేరి ఆదివారం సాయంత్రానికి తిరిగి రావచ్చని అనుకున్నాం. వికారాబాద్ దగ్గర ఒక తోట యజమానితో ఫోన్లోనే మాట్లాడి, అతను పంపిన ఫోటోలు చూసి, సగం డబ్బు పంపించాం. పిల్లలు ముప్పై నలుగురు, పెద్దలం ఐదుగురం. చొక్కాలకు పెట్టుకున్న జెండా బ్యాడ్జీలు తీయకుండానే పిల్లలు బస్సెక్కారు. వికారాబాద్ ఇక్కడికి సుమారు 75 కిలోమీటర్లే అయినా, వరుసగా రెండు రోజులు సెలవులు వస్తే నగరమంతా అటే కదులుతుందన్న విషయం మేము ఆలోచించలేదు. అప్పా కూడలి నుంచి మన్నెగూడ దాకా మర్రిచెట్ల మధ్య సాగే ఆ రోడ్డు మీద బస్సు నడిచినదాని కన్నా ఆగినదే ఎక్కువ. చేరేసరికి సాయంత్రం ఐదయింది.

గుడారాలు వేసుకోమని చూపించిన చోటు అప్పుడే కంది కోసిన చేను. వేలెడు లావు కొయ్యకాళ్లు, ఏటవాలుగా తెగిన మొనలతో నేలంతా నిలబడి ఉన్నాయి. మొదటి గుడారం పరిచి ఒక పిల్లవాడు దాని మీద మోకాలు ఆనించగానే అడుగు గుడ్డను చీల్చుకుని మొన పైకి వచ్చింది. కాపలాదారు దగ్గర ఉన్న రెండు గడ్డపారలతో చీకటి పడేదాకా ఆ కొయ్యకాళ్లను పెళ్లగించాం. అంతలో ఏడో తరగతి చదివే ఒక అమ్మాయి చేతులు కడుక్కోవడానికి వెళ్లి తిరిగి వచ్చి, "సార్, ట్యాంకులో నీళ్లు లేవు, కావాలంటే కొట్టి చూడండి" అంది. వెళ్లి పిడికిలితో తట్టాను. కింది నుంచి పైదాకా డొల్ల మోతే. కాపలాదారును అడిగితే, "పది మంది వస్తరని చెప్పిండ్రు సార్, గింతమంది అని నాకు ఎర్క లేదు" అన్నాడు. అతని తప్పేమీ లేదు. యజమాని ఫోను ఎత్తలేదు.

చివరికి కాపలాదారు భార్య పక్క చేను రైతును పిలుచుకొచ్చింది. అంతకు ఏడాది ముందు నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇస్తున్నారు కాబట్టి ఆయన రాత్రి తొమ్మిదింటికి బోరు మోటారు వేయగలిగాడు. పిల్లలందరూ గట్టు పొడవునా వరుసగా నిలబడి బిందెలు అందుకుంటూ ట్యాంకు దాకా చేర్చారు. పది గంటలకు, పనికొచ్చే ఒకే ఒక్క మరుగుదొడ్డి ముందు తొమ్మిది మంది ఆడపిల్లలు ఒక టార్చి వెలుగులో చలికి వణుకుతూ నిలబడి ఉన్నారు. తలుపుకు లోపల గొళ్లెం లేదు. ఒకరు లోపలికి వెళ్తే మరొకరు చున్నీని తలుపు పిడికి ముడివేసి బయటి నుంచి పట్టుకుంటున్నారు. ఒక్క సాయంత్రం ముందుగా వచ్చి చూసుకోనందుకు నమ్మి పంపిన తల్లిదండ్రుల పిల్లలు అలా నిలబడవలసి వచ్చిందన్న బాధ నాకు ఈనాటికీ తగ్గలేదు.

అదే తోటలో సగాన్ని మాకు చెప్పకుండా మరో బృందానికి ఇచ్చారు. వారు రాత్రి ఒంటిగంట దాకా డీజే పెట్టుకున్నారు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్లు మోగించకూడదని 2000 సంవత్సరం నుంచి నిబంధన ఉన్నా, నగరం దాటితే దాన్ని పట్టించుకునే నాథుడు లేడు. అడవి అంచుకు వచ్చి చీకటిని, నిశ్శబ్దాన్ని పిల్లలకు పరిచయం చేయాలనుకునే మావంటివారికి ఇది పెద్ద అన్యాయం. అందుకే ఇప్పుడు మేము రాయించుకునే కాగితంలో ఆ రాత్రి స్థలం మొత్తం మాకే అన్న వాక్యం మొదట ఉంటుంది. పిల్లల సంఖ్య, నీటి ఏర్పాటు, మరుగుదొడ్ల సంఖ్య, రద్దయితే తిరిగి ఇచ్చే మొత్తం ఆ తర్వాత వస్తాయి. ఆ కాగితం నకలు ఒకటి కాపలాదారు చేతికి కూడా ఇస్తాం.

తేదీ పెట్టుకునేటప్పుడు బడి సెలవులతో పాటు ఆ ఊరి జాతరలు కూడా కనుక్కోండి. ములుగు జిల్లా లక్నవరం వెళ్లాలనుకుంటే, రెండేళ్లకోసారి మాఘమాసంలో మేడారం సమ్మక్క సారలమ్మ జాతర జరిగే రోజుల్లో ఆ దారిన బస్సు కదలదు. అనంతగిరిలో కార్తీకమాసంలో భక్తుల రద్దీ ఉంటుంది. శ్రీశైలం దారిలో అమ్రాబాద్ పులుల అభయారణ్యం గుండా రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా వాహనాలను వదలరు. ఆలస్యంగా బయల్దేరితే మన్ననూరు చెక్‌పోస్టు దగ్గరే తెల్లవారుతుంది. రిజర్వు అడవిలో అనుమతి లేకుండా గుడారం వేయడం, నిప్పు రాజేయడం నేరం కాబట్టి అటవీ శాఖ అనుమతి లేనిదే ఆ ఆలోచన పెట్టుకోవద్దు. వెళ్లే చోటికి దగ్గరలో పాముకాటు మందు ఉన్న ఆసుపత్రి ఏదో కూడా ముందే కనుక్కుని రాసిపెట్టుకోండి.

మరో కష్టం తల్లిదండ్రుల దగ్గర వస్తుంది. వాట్సాప్‌లో బొటనవేలు గుర్తు పెట్టినవారందరినీ లెక్కవేసి స్థలం మాట్లాడితే, రెండు రోజుల ముందు పదిమంది తగ్గుతారు, నలుగురు కొత్తవారు వస్తామంటారు. డబ్బు కట్టి, సంతకం చేసిన అనుమతి పత్రం ఇచ్చినవారినే మేము లెక్కిస్తున్నాం. దీనికి కొందరు నొచ్చుకున్నారు. కానీ సంఖ్య స్థిరంగా లేకుండా నీళ్లు ఎంత కావాలో, గుడారాలు ఎన్ని కావాలో ఎవరూ చెప్పలేరు.

చూసి రావడానికి వెళ్లినప్పుడు ఈత కొలను, క్యాంప్‌ఫైర్ చోటు వారే చూపిస్తారు. మీరు మాత్రం ట్యాంకు ఎన్ని లీటర్లదో, అది నిండటానికి ఎంతసేపు పడుతుందో అడగండి. గుడారాలు వేసే నేల మీద చెప్పులు విడిచి నడిచి చూడండి. లైట్లు ఆర్పించి, అక్కడి నుంచి మరుగుదొడ్డి దాకా వెళ్లి రండి. మీ బృందంలో ఆడపిల్లలు ఉంటే చూడటానికి వెళ్లేవారిలో ఒక మహిళ తప్పనిసరిగా ఉండాలి. 2019లో స్థలం మాట్లాడిన ముగ్గురమూ మగవాళ్లమే; తలుపుకు గొళ్లెం ఉందా అని మాలో ఒక్కరికీ అడగాలని తోచలేదు. ఆ తర్వాతి ఏడాది నుంచి మాతో వస్తున్న టీచరమ్మ ఎక్కడికి వెళ్లినా మొదట ఆ తలుపు దగ్గరికే వెళ్లి, లోపలి నుంచి గొళ్లెం పెట్టి చూస్తున్నారు.