పెరాక్సైడ్‌కు ఉత్ప్రేరకం కలిపితే ప్రాణవాయువు ఎక్కువ వస్తుందా?

మీరు రెండు సంగతులు అడిగారు. ఉత్ప్రేరకం చర్యలో పాల్గొనదని నోట్సులో ఉంది, పాల్గొనకుండా వేగం ఎలా పెంచుతుంది అన్నది మొదటిది. విడవలూరు దగ్గర మీ రొయ్యల గుంటల్లో నాన్నగారు పోసే హైడ్రోజన్ పెరాక్సైడ్‌కు ఏదైనా ఉత్ప్రేరకం కలిపితే ఇంకా ఎక్కువ ప్రాణవాయువు వస్తుందా అన్నది రెండోది. నేను కావలిలో ఇంటర్ విద్యార్థులకు రసాయనశాస్త్రం చెబుతాను. మా బంధువులకు అల్లూరు వైపు గుంటలున్నాయి. కాబట్టి ఈ రెండు ప్రశ్నలూ నాకు బాగా దగ్గరివి.

మీ అనుమానం సరైనదే. నోట్సులోని ఆ వాక్యాన్ని కొట్టేయండి. ఉత్ప్రేరకం చర్యలో పాల్గొంటుంది, చర్య ముగిసేసరికి తిరిగి తన రూపానికి వస్తుంది. దీన్ని కంటితో చూడాలంటే మీ లెక్చరర్‌ను ఈ ప్రయోగం చేయమని అడగండి. ఫెహ్లింగ్ ద్రావణం కోసం తెప్పించే రోషెల్ లవణం (సోడియం పొటాషియం టార్టరేట్) దాదాపు ప్రతి కాలేజీ ల్యాబులో ఉంటుంది. దాన్ని 5 గ్రాములు తీసుకుని 60 మిల్లీలీటర్ల నీటిలో కరిగించి, 6 శాతం పెరాక్సైడ్ 20 మిల్లీలీటర్లు పోసి, 70 డిగ్రీల దాకా వేడిచేయాలి. అప్పటికి పెరాక్సైడ్‌కూ లవణానికీ మధ్య చర్య చాలా నెమ్మది, అక్కడొకటి ఇక్కడొకటి బుడగలు వస్తాయి, అంతే. ఇప్పుడు చిటికెడు కోబాల్ట్ క్లోరైడ్‌ను కాసిని నీళ్లలో కరిగించి పోస్తే ద్రావణం గులాబీ రంగుకు తిరుగుతుంది. కాసేపటికి ఆ గులాబీ ముదురు ఆకుపచ్చగా మారి, కార్బన్ డయాక్సైడ్ నురగలు కక్కుతూ పైకి పొంగుతుంది. పొంగు తగ్గాక చూస్తే మళ్లీ అదే గులాబీ రంగు! ఆకుపచ్చగా ఉన్నప్పుడు కొంచెం పరీక్షనాళికలోకి తీసి మంచునీటిలో పెడితే ఆ రంగు అలాగే నిలుస్తుంది. కోబాల్ట్ తాత్కాలికంగా వేరే సమ్మేళనంగా మారిందనడానికి అదే సాక్ష్యం. నేను చూపిన ప్రతి తరగతిలోనూ పిల్లలు ఆ గులాబీ తిరిగి వచ్చే క్షణం కోసం బల్లల మీదికి వంగి చూస్తారు. కోబాల్ట్ లవణం విషపూరితం, నురగ గాజు పాత్ర దాటి పొంగవచ్చు. అందుకే పెద్ద బీకరు, చేతొడుగులు, కళ్లద్దాలు తప్పనిసరి.

వేగం ఎందుకు పెరుగుతుందో పెరాక్సైడ్‌తోనే చెబుతాను. అది తనంతట తాను విడిపోవాలంటే ఉత్తేజన శక్తి, అంటే చర్య జరగడానికి అణువులు దాటవలసిన కనీస శక్తి, మోలుకు సుమారు 75 కిలోజౌళ్లు కావాలి. అయొడైడ్ అయాన్ కలిపితే చర్య రెండు అంచెలుగా జరుగుతుంది. మొదట అయొడైడ్ ఒక పెరాక్సైడ్ అణువు నుంచి ఆక్సిజన్ పరమాణువును తీసుకుని హైపోఅయొడైట్ అవుతుంది. అది రెండో పెరాక్సైడ్ అణువుతో కలిసి ఆక్సిజన్ వాయువును వదిలి మళ్లీ అయొడైడ్ అవుతుంది. ఈ దారిలో 56 కిలోజౌళ్లు చాలు. తేడా 19 మాత్రమే కదా అనుకోవద్దు. ఉత్తేజన శక్తిని బట్టి వేగాన్ని లెక్కగట్టే ఆర్హీనియస్ సమీకరణంలో వేసి చూడండి, మిగతావన్నీ సమానమనుకుంటే 25 డిగ్రీల దగ్గర వేగం సుమారు 2,000 రెట్లవుతుంది. మన కాలేయంలోనూ బంగాళాదుంపలోనూ ఉండే కాటలేజ్ ఎంజైమ్ ఈ శక్తిని ఇంకా కిందికి దించుతుంది.

ఇక గుంటల సంగతి. తెల్లవారుజామున ప్రాణవాయువు పడిపోయి, కరెంటు లేక నీటిలోకి గాలి కలిపే ఏరేటర్లు ఆగిపోతే రైతు పడే ఆందోళన నాకు తెలుసు. అయినా ఏ ఉత్ప్రేరకమూ అదనంగా ఒక్క గ్రాము ఆక్సిజన్ కూడా ఇవ్వజాలదు. 34 గ్రాముల పెరాక్సైడ్ పూర్తిగా విడిపోతే వచ్చేది 16 గ్రాములే, అంటే కిలో శుద్ధ పెరాక్సైడ్‌కు సుమారు 470 గ్రాములు. ఎంత వస్తుందన్నది పెరాక్సైడ్ పరిమాణాన్ని బట్టి, ఎంత త్వరగా వస్తుందన్నది ఉత్ప్రేరకాన్ని బట్టి ఉంటుంది. అమోనియా తయారీలో ఉత్ప్రేరకంగా వాడే ఇనుము కూడా అంతే. అది పురోగామి, తిరోగామి చర్యలు రెంటినీ వేగవంతం చేస్తుంది. రెండు చర్యల వేగాలూ సమానమయ్యే సమతాస్థితి త్వరగా వస్తుంది కానీ, దాని స్థానం మారదు.

పైగా గుంటలో ఆ తొందర నష్టమే. పెరాక్సైడ్‌లో మాంగనీస్ డయాక్సైడ్ వేసి చూడండి, ఆక్సిజన్ బుడగలై గాలిలో కలిసిపోతుంది. రొయ్యకు కావలసింది నీటిలో కరిగిన ఆక్సిజన్. నిజానికి గుంటనీటిలోని సూక్ష్మజీవుల ఎంజైములు, అడుగు బురదలోని ఇనుము, మాంగనీస్ పెరాక్సైడ్‌ను విడగొట్టే పని ఎలాగూ చేస్తూనే ఉంటాయి. కొత్తగా ఏ పొడీ కొనక్కర్లేదు.

నాన్నగారికి ఒక్క మాట చెప్పండి. పెరాక్సైడ్ క్యాన్‌లో తుప్పు పట్టిన మగ్గు ముంచవద్దు, తీసి మిగిలినదాన్ని తిరిగి అందులో పోయవద్దు. తుప్పు ఉత్ప్రేరకమై లోపల ఆక్సిజన్ పుట్టిస్తుంది. మూత గట్టిగా బిగించి ఉంటే క్యాన్ ఉబ్బి పగిలే ప్రమాదం ఉంది.