నవ్వు చాటున ఆధారం

ప్రశ్న: తొమ్మిది నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లల కోసం హాస్యం కలిపిన డిటెక్టివ్ నవల ఒకటి రాస్తున్నాను. నవ్వించే సన్నివేశం రాగానే కథలో బిగువు సడలిపోతోంది, బిగువు పెంచితే నవ్వు మాయమవుతోంది. రాతప్రతి చదివిన పిల్లలు కూడా జోకులు బాగున్నాయి గానీ దొంగ ఎవరో మూడో అధ్యాయంలోనే తెలిసిపోయిందన్నారు. ఈ రెండింటికీ పొత్తు కుదిర్చేదెలా?

జవాబు: మీరు హాస్యానికి కొన్ని పేజీలు, పరిశోధనకు కొన్ని పేజీలు వాటాలు వేసి పంచుతున్నట్టున్నారు. వాటాలు వేసినంత కాలం ఒకటి పెరిగితే రెండోది తరగక తప్పదు. ఈ తరహా నవలలో ఆధారాన్ని దాచడానికి హాస్యాన్ని మించిన చోటు లేదు, ఎందుకంటే పాఠకుడు నవ్వుతున్న క్షణంలో ఎవరినీ అనుమానించడు. గంభీరంగా వర్ణించిన ప్రతి వస్తువునూ పిల్లలు వెంటనే పట్టేస్తారు. గుమ్మం దగ్గర పడి ఉన్న ఎర్ర గుండీని గురించి రెండు వాక్యాలు రాశారంటే ఎర్ర చొక్కా వేసుకున్నవాడి పని అయిపోయినట్టే.

ఒక సన్నివేశం ఊహించి చూద్దాం. గ్రంథాలయంలో ఒక పాత పటం మాయమైంది. అక్కడి అధికారికి కళ్లజోడును నుదుటి మీదికి నెట్టుకుని, అది కనిపించడం లేదని బల్లలన్నీ వెతికే అలవాటు ఉంది. పటం పట్టుకెళ్లిన మనిషిని తాను చూశానని, అయితే ఆ సమయానికి కళ్లజోడు లేకపోవడం వల్ల ముఖం ఆనవాలు పట్టలేకపోయానని ఆయన చెబుతాడు. మన పదకొండేళ్ల పరిశోధకురాలు ఆయన మీద నిఘా వేయడానికి గది చివర కూర్చుని, ముఖానికి పుస్తకం అడ్డం పెట్టుకుంటుంది. ఆయన యథాప్రకారం కళ్లజోడు కోసం సొరుగులు తిరగేస్తూ, ఒక్కసారి తల ఎత్తి, "అమ్మాయీ, పుస్తకం తలకిందులుగా పట్టుకున్నావు" అంటాడు. చదివే పిల్లలు పరిశోధకురాలి అవస్థకు పకపకా నవ్వి పేజీ తిప్పేస్తారు. కళ్లజోడు లేని మనిషికి గది ఆ చివర పుస్తకం తలకిందులుగా ఉన్నట్టు ఎలా కనిపించిందనే ప్రశ్న ఆ నవ్వులో కొట్టుకుపోతుంది. పది అధ్యాయాల తరువాత ఆ అమ్మాయి అదే ప్రశ్న వేసినప్పుడు, వెనక్కి వెళ్లి ఆ పేజీ మళ్లీ చదవని పిల్లవాడు ఉండడు. ఆయన దొంగే కానక్కరలేదు; ఇంకెవరినో కాపాడడానికి అబద్ధమాడి ఉండవచ్చు, కథకు అదే మేలు కూడా.

ఇక్కడ హాస్యం పరిశోధకురాలి మీద పడిందని, ఆధారం మాత్రం అధికారి మాటలో ఉందని గమనించండి. రెండూ ఒకే మనిషి మీద పెడితే పాఠకుడి చూపు అక్కడే ఆగిపోతుంది, మూడో అధ్యాయంలోనే గుట్టు బయటపడుతుంది.

ఆధారం ఇలా పాఠకుడి కళ్లెదుటే ఉండి తీరాలి. రోనాల్డ్ నాక్స్ అనే ఆంగ్ల రచయిత 1929లో డిటెక్టివ్ కథలకు పది నియమాలు రాశాడు. అపరాధి కథ మొదట్లోనే కనిపించాలని, పరిశోధకుడికి దొరికిన ఆధారాన్ని పాఠకుడికి దాచకూడదని వాటిలో ఉంది. అదే ఏడాది జర్మన్ భాషలో ఎరిక్ కేస్ట్నర్ రాసిన 'ఎమిల్ అండ్ ది డిటెక్టివ్స్' వెలువడింది. రైలెక్కిన ఎమిల్ తనకిచ్చిన డబ్బు ఎక్కడ పోతుందోనని నోట్లున్న కవరును కోటు లోపలి గుడ్డకు గుండుసూదితో గుచ్చుకుంటాడు. అప్పటికి అది ఒక కుర్రవాడి అతిజాగ్రత్తగానే తోస్తుంది. ఆ డబ్బు కొట్టేసిన దొంగ చివరికి చిక్కినప్పుడు, ఆ నోట్లు ఎమిల్‌వేనని రుజువు చేసేవి ఆ సూది పొడిచిన చిల్లులే. ఎమిల్ చేష్టకు నవ్వుకున్న పాఠకుడికి రచయిత మీద కోపం రాదు, తన మీద తనకే ముచ్చట కలుగుతుంది.

ప్రశ్న: ఈ వయసు పిల్లల నవలలో హత్య ఉండవచ్చా?

జవాబు: ఉండకూడదనే చట్టమేమీ లేదు గానీ, శవం పక్కన జోకు నిలబెట్టడం చేయి తిరిగిన రచయితలకే కష్టం. దొంగతనం, అదృశ్యం, ఆకతాయి ఉత్తరాలు, తారుమారైన పోటీ ఫలితం వంటివి చాలు. నేరం చిన్నదైనా పిల్లలకు అందులో పోయేది పెద్దదిగా ఉండాలి: పటం దొరకకపోతే నింద తమ స్నేహితుడి మీద పడుతుందనుకోండి, ఆ తరువాత శవం అవసరమే రాదు.

ప్రశ్న: నా కథలో పెద్దవాళ్లందరినీ తెలివితక్కువవాళ్లుగా చూపించాను. పిల్లలకు అదే నచ్చుతుందని నా నమ్మకం. నా సంపాదకులు ఒప్పుకోవడం లేదు.

జవాబు: సంపాదకుల మాటే సబబు. ఒకరిద్దరు అలా ఉంటే నవ్వు వస్తుంది. అందరూ అలాగే ఉంటే వాళ్లను ఓడించిన పిల్లల గొప్పేముంది? పైగా అపరాధి కూడా ఆ పెద్దవాళ్లలో ఒకడే అయినప్పుడు, తెలివిలేనివాడు అంత పన్నాగం ఎలా పన్నాడని పదేళ్ల పాఠకుడే నిలదీస్తాడు. నవ్వించే పాత్రకు ఏదో ఒక విషయంలో అసలైన నేర్పు ఇవ్వండి. సత్యజిత్ రాయ్ రాసిన ఫెలూదా అనే డిటెక్టివ్ కథలలోని జటాయు వీరోచిత నవలలు రాసే రచయిత. ఆయన పుస్తకాలలోని తప్పులను ఫెలూదా దిద్దుతూనే ఉంటాడు, అయినా ఆయన మీద పాఠకుడికి చులకన కలగదు. మీ కథలోని పోలీసు అధికారి ఎప్పుడూ తప్పు మనిషినే అరెస్టు చేస్తాడని రాశారు కదా. అది అలాగే ఉంచి, అబద్ధం చెప్పే పిల్లలను మాత్రం మొదటి మాటలోనే పట్టేయగలడని మార్చండి. అప్పుడు మీ పరిశోధకులు ఆయన దగ్గర నిజం దాచడానికి పడే పాట్లతోనే రెండు అధ్యాయాలు నడుస్తాయి.